ఎంగిలి పేరు

ఏజెంటు బల్ల మీద ఒక చిన్న ప్లాస్టిక్ గిన్నె ఉంది. కాగితాలు తిప్పేటప్పుడు వేలు తడుపుకోవడానికి అందులో స్పాంజి పెట్టుకున్నాడు. దానికి నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందో ఏమో, ఎండిపోయి అప్పడంలా అంచులు పైకి లేచాయి. ఆయన దానివైపు చూడను కూడా చూడలేదు. నాలుక కొంచెం బయటపెట్టి, బొటనవేలు దానికి రాసి, కాగితం తిప్పాడు. చదివాడు. మళ్ళీ నాలుక, మళ్ళీ వేలు, మళ్ళీ కాగితం.

ఆ కట్టలో ఉన్నవి మా చిన్నత్తా, ఆమె భర్తా ఫోనులో ఒకరికొకరు పంపుకున్న మాటలు. మొదటి పలకరింపు నుంచి మొన్నటి దగ్గు మందు దాకా, అన్నీ అచ్చు తీయించుకుని రమ్మన్నాడాయన. భార్యాభర్తల వీసాకి అదే పెద్ద సాక్ష్యమట.

నా ఒళ్ళో ఉన్న మా పాప చెయ్యి చాచి, ఆయన తిప్పి పక్కన పెట్టిన కాగితం ఒకటి అందుకుని నోటి దాకా తెచ్చుకుంది. దంతాలొచ్చే వయసు, ఏది దొరికితే అది నోట్లోకే. నేను లాక్కున్న వేగానికి బిక్కమొహం వేసింది. అత్త సంచిలోంచి నీళ్ళ సీసా, దూది తీసి పాప వేళ్ళు ఒక్కొక్కటే తుడిచింది. ఆమె సంచిలో దువ్వెన లేని రోజు ఉంటుందేమో గానీ దూదీ, స్పిరిటూ, రబ్బరు తొడుగులూ లేని రోజు ఉండదు.

అత్త కట్టుడు పళ్ళు చేస్తుంది. పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రి వెనక ఉన్న ఇరుకు గదిలో, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ, అదే పని. ముందు గదిలో డాక్టరు గారు రోగి నోట్లో గులాబీ రంగు ముద్ద పెట్టి అచ్చు తీసి పంపిస్తారు. అది వెనక్కి వచ్చేటప్పటికి దానికి ఉమ్మి ఉంటుంది, ఒక్కోసారి నెత్తురుంటుంది, ఒక్కోసారి ఆ మనిషి పొద్దున తిన్నది కూడా ఉంటుంది. అత్త దాన్ని పంపు కింద కడుగుతుంది, మందు నీళ్ళలో నానబెడుతుంది, ఆ తర్వాతే ప్లాస్టరు పిండి కలిపి పోస్తుంది. పిండి గట్టిపడ్డాక అచ్చు ఊడదీస్తే, ఆ మనిషి పళ్ళన్నీ తెల్లగా చేతిలో కూర్చుంటాయి. దాని అడుగున పెన్సిలుతో ఆ రోగి ఇంటిపేరు, తేదీ రాస్తుంది. గది నిండా అరల్లో నోళ్ళు, నోళ్ళ అడుగున ఇంటిపేర్లు. చిన్నప్పుడు మేము ఆ గదిలోకి వెళ్తే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి.

"నోరు మురికిది కాదురా. నోట్లోంచి బయటికొచ్చింది మురికిది" అనేది. వీధిలో అందరికీ ఆమె పళ్ళక్క. ఊరందరి ఎంగిలీ తన చేతి మీదుగానే పోవాలని నవ్వేది గానీ, ఆ ఎంగిలిని ఒక్కసారి కూడా వట్టి చేత్తో ముట్టుకోలేదు.

ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా అత్తకి పెళ్ళి కాలేదు. మా పెద్దత్త అయితే ఇక దీనికి తన చేతి పళ్ళు తనే కట్టుకునే వయసొచ్చాక సంబంధం కుదురుతుంది అనేది. అప్పుడు ఆసుపత్రికి పింగాణీ పళ్ళు కాల్చే కొలిమి ఒకటి విదేశం నుంచి పెట్టెలో వచ్చింది. దాన్ని బిగించడానికి ఆ దేశం నుంచే ఒక మెకానిక్కు వచ్చాడు. వారంలో వెళ్ళిపోవాల్సిన మనిషి. కొలిమి వేడి నిలబెట్టుకోనని మొండికేసింది, ఆయన నెల రోజులు ఉండిపోయాడు. పొడుగ్గా, బెరుగ్గా ఉండేవాడు. ఒక రోజు ఆయన ఆవలిస్తే అత్త చూసింది. పై పళ్ళూ కింది పళ్ళూ అరిగి చదునైపోయాయి. నిద్రలో పళ్ళు నూరతావా అని అడిగిందట. ఆయన సిగ్గుపడి, పొద్దున లేస్తే దవడ నొప్పి అన్నాడట. అత్త ఆయన నోటి అచ్చు తీసి, రాత్రిళ్ళు పళ్ళకి పెట్టుకోవడానికి తొడుగు చేసి ఇచ్చింది. అదీ వాళ్ళ ప్రేమకథ. ఇద్దరూ మాట్లాడుకునేది ఇద్దరికీ వచ్చీరాని మూడో భాషలో. మన భాషలో ఆయన నేర్చుకున్న మొదటి మాట పింగాణీ. ఆ మాటతోనే అత్తని పిలవడం మొదలుపెట్టాడు.

రెండేళ్ళ తర్వాత ఆయన మళ్ళీ వచ్చాడు, రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు. సాక్షి సంతకం మా నాన్న పెట్టాడు, ఎవరో చెయ్యి పట్టుకుని పెట్టిస్తున్నట్టు. "ఊళ్ళో పళ్ళున్న మగాడే దొరకలేదా దీనికి" అంది పెద్దత్త. ఆయన ఉద్యోగానికి తిరిగి వెళ్ళిపోయాడు. అత్త వెళ్ళాలంటే వీసా కావాలి. అక్కడ మొదలైంది ఈ కంపు.

ఏజెంటు ఆఫీసు టైర్ల కొట్టు పైన. కొట్లోంచి రబ్బరు కాలిన వాసన, మెట్ల మీద ఎవరో ఉమ్మిన మరకలు, లోపల ఏసీ లోంచి బకెట్లోకి కారే నీళ్ళు. బకెట్లో దోమలున్నాయేమోనని పాపకి దుప్పటి కప్పి కూర్చునేవాణ్ణి. బల్ల మీద అన్ని దేశాల జెండాలూ వరసగా గుచ్చి ఉండేవి. దుమ్ము పట్టి అన్నీ ఒకే రంగులోకి వచ్చేశాయి.

మొదటి రోజే ఏజెంటు అత్తని మొగుడి ఇంటిపేరు పెట్టుకోమన్నాడు. "ఫైలు తెరవగానే ఆఫీసరు కంటికి ఇద్దరూ ఒక ఇంటివాళ్ళలా కనపడాలమ్మా. ఇప్పుడు చూస్తే మీ ఇంటిపేరు మీది, ఆయనది ఆయనది. అద్దెకున్నవాళ్ళలా ఉన్నారు" అన్నాడు. నేను ఇంటికొచ్చి నిబంధనలన్నీ చదివాను. అలాంటి నియమం ఎక్కడా లేదు. మర్నాడు ఆ మాటే చెప్తే, ఆయన బయట గదిలో కూర్చున్న జనాన్ని చూపించాడు. "రూల్స్ చదివినవాళ్ళంతా అక్కడే కూర్చున్నారు సార్" అన్నాడు.

అత్త ఒక పూటంతా ఆలోచించి సరే అంది. ఆమెకి కావలసింది పేరు కాదు, ఆయన పక్కన ఉండటం. దానికి ఏది అడ్డమైతే అది తీసేయాలనుకుంది. మా నాన్న మాత్రం, పుట్టింటి పేరు అంత బరువైపోయిందా అని అడిగాడు.

"బరువు కాదన్నయ్యా, వీసా" అంది అత్త.

నోటరీ ముద్ర పడింది. పేపర్లో ప్రకటన వచ్చింది. పోయిన పాసుపుస్తకానికీ, అమ్మకానికున్న కుక్కపిల్లలకీ మధ్యలో, ఇక మీదట నన్ను ఈ పేరుతోనే గుర్తించవలెను అని మా అత్త లోకాన్ని వేడుకుంది. కొత్త పాస్‌పోర్టు వచ్చింది. కొత్త సంతకం కుదిరేదాకా పళ్ళ పనికి వాడే మైనం పలకల మీద గీసి గీసి చెరిపేది. తీరా ఫైలు పంపితే తిరిగొచ్చింది. పెళ్ళి పత్రంలో ఉన్నది వేరే మనిషి, పాస్‌పోర్టులో ఉన్నది వేరే మనిషి అన్నారు. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరేనని నిరూపించాలి. ఆ ఇద్దరినీ ఎరిగిన ఇద్దరు సాక్షులు కావాలి. ఒకణ్ణి నేను. రెండో ఆయన డాక్టరు గారు. "పళ్ళు అవే కదా, రాసిస్తాను" అని సంతకం పెట్టేశారు.

ఏజెంటు మొహంలో సిగ్గు లాంటిది ఏమైనా కనిపిస్తుందేమోనని చూశాను. అదంతా మామూలేనన్నాడు. ఈలోగా అత్త పనికి ఉన్న అనుమతి పత్రం పాత పేరుతో ఉండిపోయింది. అది మారేదాకా ఆమె సంతకం చెల్లదు. ఆమె చేసిన పళ్ళ కింద నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి సంతకం పెట్టేది. అత్త దాన్ని కూడా మింగేసింది.

ఇదిగో ఇప్పుడు ఈ కట్ట. ఆయన తడి వేలితో తిప్పుతూ మధ్యమధ్యలో ఒక్కో వాక్యం పైకి చదువుతున్నాడు. ప్రతి కాగితం పైమూలా ఒక బొటనవేలి తడి మరక. నేను చదువుకున్నది సూక్ష్మజీవుల శాస్త్రం. ఆ మరకల్లో ఏముంటాయో నాకు తెలుసు. అయినా నాకు వెగటు పుట్టించింది అవి కాదు, అత్త మాటలు ఆయన నోట్లో నలగడం.

"ఇదేంటమ్మా, ఎక్కడ చూసినా కొలిమి, వేడి, గొంతు నొప్పి" అన్నాడు. "మొగుడూ పెళ్ళాం మాట్లాడుకున్నట్టు లేదు. మావాడు నాలుగు మంచి మాటలు అక్కడక్కడా చేరుస్తాడు. చెయ్యి తిరిగినవాడు." అత్త ఒక్క మాటా చేర్చొద్దంది. సరే, ఉన్నవాటినే సర్దుతాం, వచ్చే వారం రమ్మన్నాడు.

వచ్చే వారం వెళ్ళేసరికి బయట గది కిటకిటలాడుతోంది. అత్తా, నేనూ, పాపా గోడ పక్కన సర్దుకుని కూర్చున్నాం. కాసేపటికి ఏజెంటు గుమాస్తా ఫైలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. అట్ట మీద చూశాడు, తల గోక్కున్నాడు.

"పింగాణీ ఎవరండీ? పింగాణీ గారు?"

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో అందరూ నవ్వారు. అత్త లేవలేదు. గుమాస్తా ఆమెని గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

"మీదే మేడమ్. పైన రెండు పేర్లున్నాయి, పాతది పిలవాలో కొత్తది పిలవాలో తెలీక. లోపల కాగితాల్లో అంతా ఇదే ఉంది కదా అని."

వాడికి నిజంగానే తప్పనిపించలేదు. అదే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

అత్త సంచిలోంచి రబ్బరు తొడుగులు తీసి, తొందర లేకుండా రెండు చేతులకీ వేసుకుంది. లోపలికి వెళ్ళి ఫైలూ కట్టా అడిగింది. ఏజెంటు మొదట నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు. మాటల కాగితాలు లేకుండా వెళ్తే కాదంటారు, ఒకసారి కాదన్న ముద్ర పడితే జన్మంతా వెంటాడుతుంది, మొగుణ్ణి ఫోటోలో చూసుకోవాలి అన్నాడు. అత్త చెయ్యి చాపి అలాగే నిలబడింది. చివరికి ఆయన ఇచ్చిన కట్టని ఒక సంచిలో వేసి మూతి ముడి వేసింది. మెట్లు దిగి, టైర్ల కొట్టు ముందున్న కాలవ దగ్గర వంగి, పొద్దున తాగిన కాఫీ అంతా కక్కేసింది. ఎవరి నోటి అచ్చు చూసినా తిరగని కడుపది. కొట్లో కుర్రవాడు చెంబుతో నీళ్ళిచ్చాడు.

దారిలో, ఇప్పుడెలా అత్తా అన్నాను. వీసా రాకపోతే ఆమె గతేమిటన్న భయం నాకు. "వెళ్ళనిస్తే వెళ్తాను. ఆ కాగితాలు మాత్రం ఇంకో మనిషి చేతికి ఇవ్వను" అంది. ఆ సాయంత్రమే వాటిని బూడిద చేసింది.

వీసా ఆఫీసులో ఇంటర్వ్యూకి నన్ను లోపలికి రానివ్వలేదు. జరిగింది అత్త చెప్పగా విన్నదే. అద్దం వెనక ఒక యువకుడు కూర్చుని, ఫైలు అటూ ఇటూ తిప్పి, మీరు మాట్లాడుకున్నట్టు రుజువేది అని అడిగాడట.

"ఆయనకి రాసినవండీ అవి. మీకు రాసినవి కాదు" అందట అత్త.

అయితే నేను ఎలా నమ్మాలి అన్నాడతను. అత్త సంచిలోంచి తెల్లటి పిండి ముద్ద ఒకటి తీసి అద్దం కింది పళ్ళెంలో పెట్టింది. గేటు దగ్గర కాపలావాడు ఇదేమిటని అడిగి, మనిషి పళ్ళనగానే ముట్టుకోకుండా పంపేశాడట. అద్దం వెనక అతనూ అదే అడిగాడు.

"మా ఆయన నోరు" అంది.

అతను కుర్చీ వెనక్కి జరుపుకుని, కాగితపు రుమాలుతో దాన్ని ఎత్తి చూశాడట. అడుగున పెన్సిలుతో ఆయన ఇంటిపేరు, పెళ్ళికి రెండేళ్ళ ముందటి తేదీ. ఈ పళ్ళు చూడండి, ఎలా అరిగిపోయాయో, రాత్రిళ్ళు నూరతాడు, పక్కన పడుకున్నవాళ్ళకి ఆ చప్పుడుకి నిద్ర పట్టదు, నాకు ఇప్పుడు ఆ చప్పుడు లేక పట్టడం లేదు అని చెప్పిందట. అతను ఏదో టైపు చేసుకుని, దయచేసి దీన్ని తీసేయండి అన్నాడట.

వీసా వచ్చింది. ఆ పిండి ముద్ద వల్ల వచ్చిందో, అతనికి భోజనం వేళయిందో నాకు తెలియదు. ఒక్క ప్రయోగం చేసి ఫలితం ఇదీ అని చెప్పడం మా చదువులో కుదరదు.

అయితే ఫైల్లో చిరునామా ఏజెంటుదే ఉండిపోయింది, పాస్‌పోర్టు ఆయన దగ్గరికే వెళ్ళింది. వెళ్ళాం. ఏమీ జరగనట్టే నవ్వుతూ లేచాడు. గోడ మీద పెట్టుకోవడానికి అత్త ఫోటో ఒకటి కావాలన్నాడు. అంతా తన చేతి చలవేనన్నాడు. వీసా ఉన్న పేజీ చూపించడానికి నాలుక బయటపెట్టి, బొటనవేలు రాసి, పాస్‌పోర్టు పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. నేను పాప మొహాన్ని నా భుజం వైపు తిప్పుకున్నాను.

అత్త తొడుగులు వేసుకునే అందుకుంది. కింద పంపు దగ్గర నిలబడి, దూదికి స్పిరిటు అద్ది, ప్రతి పేజీ మూలా తుడిచి, ఆరేదాకా రెండు వేళ్ళతో పట్టుకుని నిలబడింది. టైర్ల కొట్లో కుర్రవాడు, ఏమైందక్కా అని అడిగాడు. కుక్క నాకిందిరా అంది.

ఆ సాయంత్రం మా ఇంట్లోంచే ఆయనకి ఫోను చేసింది. స్పీకరులో ఆయన గొంతు సంతోషంతో వణికింది. పింగాణీ, అన్నాడు.

అత్త మొహం ముడుచుకుపోయింది. "ఆ మాట వద్దు. అది ఎంగిలైపోయింది" అంది. ఎంగిలి అన్నది మన మాటలోనే అనేసింది. వాళ్ళ మూడో భాషలో దానికి మాట లేదు. చెప్పరా అన్నట్టు నావైపు చూసింది. నాకు తెలిసిన సైన్సు మాటలన్నీ వెతికాను, ఒక్కటీ అతకలేదు. ఎవరో కొరికి పెట్టేసిన పండులాంటిది అని చెప్పాను.

ఇంటిపేరు మార్చుకోమని నేను ఎప్పుడూ అడగలేదు, నేను పెట్టుకున్న ఒక్క పేరూ వాళ్ళు తీసుకున్నారా అన్నాడాయన. మరి ఇప్పుడు నిన్ను ఏమని పిలవను అని అడిగాడు.

"ఏమీ పిలవకు. వచ్చేస్తున్నాగా, పక్కనే ఉంటాను" అంది అత్త. ఫోను పెట్టేసి, చేతులు కడుక్కోవడానికి లేచింది.