విత్తనం ఒలిచే ఇంట్లో డైటు

మా తమ్ముడి కూతురు కానిస్టేబుల్ పరుగులో తప్పి ఇంటికొచ్చిన సాయంత్రం నేను లేపాక్షి నంది గురించి ఒక అబద్ధం చెప్పాను. అబద్ధం అనకూడదులెండి, కథ అనాలి. కళ్యాణదుర్గం రూట్లో షేర్ ఆటో తోలేవాడికి డీజిలెంత ముఖ్యమో కథలూ అంతే ముఖ్యం. కథ నడుస్తుంటేనే జనం ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని కూడా కిమ్మనరు.

పిల్ల చివరి రౌండులో ఆయాసపడి ఆగిపోయిందట. వయసు హద్దు ప్రకారం ఆమెకు ఇంకొక్కసారే అవకాశం ఉంది. గ్రౌండులో నేర్పే ట్రైనరు ఒళ్లు తగ్గించాలని, బలం పెంచాలని, ఏమేం తినాలో ఫోనులో పంపాడు. నులకమంచం మీద కూర్చుని పిల్ల చదువుతుంటే వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. ఓట్స్, బాదం, పరుగయ్యాక డబ్బాలో అమ్మే ప్రోటీన్ పౌడరు, రాత్రికి బ్రకోలీ.

"బ్రకోలీ అంటే ఏందే?"

"పచ్చగా ఉండే కాలీఫ్లవరు మా."

"తెల్లదే కొనలేకుండాము. పచ్చది ఎక్కడ తెచ్చేది?"

పిల్ల ఫోను పక్కన పెట్టేసి మోకాళ్ల మీద తల వాల్చింది. అది చూసి ఊరుకోలేక నేను నోరు తెరిచాను.

"ఏమ్మే, లేపాక్షి నంది ఎందుకు కూర్చోనుండాదో తెలుసా?"

"అట్లే చెక్కినారు కాబట్టి."

"కాదు. చెక్కేటప్పుడు ఉలవలు తక్కువైనాయి. ఇంకో గంప పెట్టుంటే లేచి సోమందేపల్లె హైవే దాకా పోయుండేది. దాని ముందర లారీలు బారులు తీరి నిలబడుండేవి."

పిల్ల తల ఎత్తలేదు గానీ భుజాలు కొంచెం కదిలాయి. అది నవ్వే అనుకుని నేనే తిండి మేనేజరుగా కుదురుకున్నాను. ఓట్స్ బదులు రాగి అంబలి. మధ్యాహ్నం కొర్రన్నం, చేలో దొరికే గురుగాకు పప్పు. సాయంత్రం ఉలవకట్టు, మజ్జిగ. మా ఇంటి కోడి దయ తలచిన రోజు గుడ్డు. బాదం బదులు చెనిక్కాయ విత్తనాలు, అదే వేరుశెనగ పప్పు. ట్రైనరుకు చెబితే, "బాగుండాది, కానీ విత్తనాలు గుప్పెడే" అన్నాడట. మంచివాడు.

తెల్లవారుజామున పిల్ల రోడ్డు మీద పరిగెత్తేది. వెనక లైటు వేసుకుని నా ఆటో. మొదటి ట్రిప్పు జనం అందులోనే ఉండేవారు.

"ఏమప్పా, ఆ పాప ఎందుకు పరిగెత్తాండాది? ఎక్కించుకోరాదా?" అంది పూలగంప ముసలామె.

"ఆమె మా తమ్ముని పాప. పోలీసు అవుతాది."

"అయితే మెల్లగా తోలు. రేపు నిన్నే పట్టుకుంటాది."

రోజులు గడిచాయి. పిల్లకు పట్టుదల ఉంది, తిండికి పద్ధతి ఉంది, వెనక ఆటో ఉంది. తీరా రేషన్ షాపు కాటా ఎక్కిస్తే బరువు పెరిగింది. తోడుగా డైటు చేస్తున్న నా బరువూ పెరిగింది. నా సంగతి సరే, నా మాట ఎవరూ నమ్మరు. పిల్ల అట్లాంటిది కాదు. పరుగు కూడా మందగించింది. "ఏం తింటాండావు?" అని ట్రైనరు గుచ్చి అడిగాడట.

ఆ మధ్యాహ్నం వసారాలో నలుగురం చెనిక్కాయ విత్తనం ఒలుస్తున్నాం. వానలు పడేలోగా విత్తనం సిద్ధం కావాలి. మిషన్‌కు వేస్తే పప్పు పగులుతుందని మా తమ్ముడికి ఎవరు చెప్పినా పోని నమ్మకం. అందుకని కాయలకు నీళ్లు చిలకరించి, పొట్టు మెత్తబడ్డాక చేత్తోనే ఒలుస్తాం. గట్టి విత్తనం చాటలోకి, పగిలిందీ ముడుచుకున్నదీ నోట్లోకి. ఈ నియమం మాకు ఎవరూ నేర్పలేదు. పళ్లతో పాటే వస్తుంది.

"పొట్టేలును అమ్మేద్దాము. ఆ డబ్బా పౌడరు తెద్దాము" అంది మరదలు ఉన్నట్టుండి.

పిల్లకు ఉద్యోగమొస్తే అమ్మవారికి ఇస్తానని మొక్కుకున్న పొట్టేలది.

"మొక్కుబడి మే అది" అన్నాడు తమ్ముడు.

"ఉద్యోగం రాకుంటే మొక్కెందుకు? వచ్చినాక ఇంకోటి ఇచ్చుకుంటాము. ఆయమ్మ ఏమనుకోదు."

పిల్ల ఏడ్చేసింది. "వద్దు మా. నా ఒళ్లే ఇంత. పొద్దున అంబలి తాగినా, మద్దేనం కొర్రన్నం తిన్నా. దొంగతనంగా ఏమీ తినలేదు పెదనాయనా. ఒట్టు." ఎడమచేత్తో కళ్లు తుడుచుకుంది. కుడిచేయి మాత్రం తన పని తాను చేసుకుపోతూ పగిలిన పప్పొకటి నోట్లో వేసింది.

అది చూసి చెప్పబోయాను. చెప్పడానికి లేదు. నా నోరు కూడా నిండుగా ఉంది. తమ్ముడి దవడ ఆడుతోంది, మరదలి దవడ ఆడుతోంది. ఇంటిల్లిపాదీ మేకల్లా నములుతూ పిల్ల ఎందుకు లావవుతోందా అని దిగులుపడుతున్నాం.

గుటకేసి, "అందరూ ఏం నములుతాండారప్పా?" అన్నాను.

"యాడ? ఏమీ లేదే" అన్నాడు తమ్ముడు, నోట్లోది బుగ్గకు తోసి.

"ఇది తిండా బావా? ఒలిచేటప్పుడు నోట్లో పడేది కూడా తిండేనా?" అంది మరదలు. ఆమె ఎగతాళికి అనలేదు. మా ఇళ్లలో అది నిజంగానే తిండి కాదు. పిల్ల కూడా అబద్ధమాడలేదు. అందుకే ట్రైనరు అడిగినప్పుడు ఆ మాటే గుర్తురాలేదు.

పిల్ల తన కుడిచేతిని వేరెవరిదో చూసినట్టు చూసుకుంది. "అంటే నా ఒళ్లు చెడ్డది కాదా పెదనాయనా?"

ఇన్నాళ్లూ ఆ ప్రశ్న మోసుకుంటూ పరిగెత్తిందని అప్పుడు తెలిసింది.

"నీ ఒళ్లు బంగారం మే. తప్పంతా ఆ చేతిదే, అది మన ఇంటి చేయి."

చేతిని మాన్పించడం తేలిక కాలేదు. ఒలవడం మానుకోమంటే వినలేదు, వాళ్లమ్మకు నడుం నొప్పి. నోటికి తువ్వాలు కట్టుకుంటే ఎండకు ఊపిరాడలేదు. చివరికి నాకు చేతనైన ఒక్క విద్యనే బయటికి తీశాను.

"నేను కథ చెప్తా. నువ్వు ఊఁ కొట్టు. ఊఁ సరిగ్గా రాకుంటే కథ ఆడికే నిలిచిపోతాది."

నోట్లో పప్పుంటే ఊఁ శుభ్రంగా పలకదు. కావాలంటే మీరూ ప్రయత్నించండి.

"ఆ ఏడు మన ఊర్లో ఒకే ఒక్క చుక్క వాన పడింది."

"ఊఁ."

"పడింది మీ జేజినాయన, అంటే మా నాయన నెత్తిన. ఊరంతా వచ్చి ఆయన్ని ఎత్తుకుని, చుక్క ఎండిపోతాదని పరిగెత్తుకుంటా చేను చేనుకూ తీసుకుపోయినారు."

"ఊఁ."

"నా చేను కాడికి వచ్చేసరికి..."

"ఉమ్."

కథ ఆగిపోయింది. అందరం పిల్ల వైపు చూశాం. ఆమె నోరు తెరిచి చూపించింది, ఖాళీ. తమ్ముడు మెల్లగా అటు తిరిగి ఉమ్మేసి, "ఊఁ... చెప్పన్నా, నీ చేను కాడ ఏమాయె?" అన్నాడు.

విత్తనం మొత్తం అట్లాగే ఒలిచాం. పగిలిన పప్పు ఒక డబ్బాలోకి పోయేది. అందులోంచి పిల్లకు రోజూ గుప్పెడు. మిగిలినదాన్ని రాగులు, ఉలవలతో కలిపి వేయించి పొడి కొట్టింది మరదలు. ఏ కంపెనీ పౌడరని ట్రైనరు అడిగితే, "పెదనాయన కంపెనీ" అందట పిల్ల. పొట్టేలు దొడ్లోనే ఉండిపోయింది. నెమ్మదిగా కాటా దిగొచ్చింది, అడుగు తేలికైంది. ఆటో ఆ పిల్లను అందుకోలేకపోయిందని చెబితే మీరు నమ్మరు. జనం పదిమంది ఉన్నప్పుడు మాత్రం నిజమే.

పరుగు రోజున మమ్మల్ని గేటు బయటే నిలిపేశారు. నేను కమ్మీలు పట్టుకుని, లోపల ఎవరు పరిగెత్తుతున్నారో దుమ్ములో తెలియక, ఎవరొచ్చినా మా పిల్లే అనుకుని చప్పట్లు కొట్టాను. చాలాసేపటికి ఆమె బయటికి వచ్చింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి ఒంగిపోయింది.

"ఏమాయె మే?"

తలెత్తి బొటనవేలు చూపించింది. టైములోనే గీత దాటింది. రాత పరీక్ష ఇంకా ఉంది కాబట్టి పొట్టేలు కూడా ఇంకొన్నాళ్లు మేస్తుంది.

చొక్కా జేబులోంచి పగిలిన పప్పు పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆటో ఎక్కి గుప్పెడు నోట్లో పోసుకుంది. బండి స్టార్టు చేసి చెప్పడం మొదలుపెట్టాను.

"పొద్దున సోమందేపల్లె కాడ లారీలన్నీ నిలిచిపోయినాయంట. ఎందుకో తెలుసా? నంది లేచింది."

"ఉమ్" అంది పిల్ల, నోటి నిండా పప్పుతో.

ఆ రోజు నేను కథ ఆపలేదు.