నాగేంద్రబాబుగారి రెండో జత

నాగేంద్రబాబుగారికి ఏ వస్తువైనా ఒకటి కొనడం చేతకాదు. ఏది కొన్నా రెండు కొంటారు, అదీ అచ్చుగుద్దినట్టు ఒకేలాంటివి. గల్ఫ్‌లోని మనామాలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆయన పుట్టినరోజులకిచ్చిన కవల బొమ్మలు, కవల గొడుగులు ఇప్పటికీ కనబడతాయి. ఒకాయన పెళ్ళిరోజుకి రెండు గోడగడియారాలు పట్టుకొచ్చారు. అవి రెండూ రెండు టైములు చూపించి, అప్పటిదాకా సఖ్యంగా ఉన్న ఆ దంపతుల మధ్య కొత్త తగువు పెట్టాయి.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అనే బోర్డు చూస్తే ఆయన కాళ్ళు ఆగవని అందరూ అనుకునేవారు. నయీమ్ పేటలో ఆయనుండే బిల్డింగులోనే పై అంతస్తులో ఉండే సూర్యప్రభ కూడా అలాగే అనుకునేది.

ఆయనకున్న రెండో పిచ్చి చట్టం. ఏ శుక్రవారం ఏ హాల్లో తెలుగువాళ్ళ కార్యక్రమం జరిగినా, గుమ్మం పక్కన బల్ల వేసుకుని కూర్చునేవారు. వెనక బ్యానర్: 'విడిపోయింది మొగుడూ పెళ్ళాలు. అమ్మానాన్నలు కాదు.' విడాకులయ్యాక పిల్లల్ని ఇద్దరూ కలిసి పెంచేలా మన దేశంలో చట్టం తేవాలని ఢిల్లీకి పంపే అర్జీకి సంతకాలు అడిగేవారు. భోజనాల వరసలో నిలబడ్డవాళ్ళకి కాలక్షేపం ఆయనే.

"మీకు పెళ్ళయిందా బాబుగారూ?"

"లేదండి."

"మరి విడాకులు?"

"పెళ్ళి కాకుండా అవెలా అవుతాయండీ?"

"మరి ఈ చట్టం ఎవరికోసమండీ?"

"నా చెప్పుల కోసమండి ఆయ్," అనేవారు. "మా అమ్మగారు పిఠాపురంలో, మా నాన్నగారు సామర్లకోటలో. విడిపోయారు కదండీ, నన్ను అటూ ఇటూ తిప్పేవారు. ఓ చెప్పు అక్కడ మర్చిపోయేవాణ్ణి, రెండోది ఇక్కడ. పదో తరగతి దాకా ఏ ఇంట్లో ఉన్నా కుంటుకుంటూనే తిరిగానండి."

జనం పగలబడి నవ్వి, సంతకం పెట్టి, గారెల వైపు వెళ్ళిపోయేవారు.

సూర్యప్రభ మాత్రం నవ్వేది కాదు. ఆమెకు సాకేత్‌తో విడాకులై ఏడాది అయింది. అతను అరగంట దూరంలో అవాలిలో ఉంటాడు, ఆమె ఓ ఏసీల కంపెనీలో అకౌంట్లు చూస్తూ కూతురు శరణ్యతో నయీమ్‌లో ఉంటోంది. ఆ బ్యానర్ తనను ఉద్దేశించే కట్టారని ఆమె నమ్మకం. ఒకసారి బల్ల దగ్గర ఆగి నిలదీసింది.

"సగం సగం పెంచాలంటున్నారు. పిల్లకి జ్వరమొస్తే రాత్రి సగం ఆయన మేలుకుంటాడా?"

"మేలుకోవాలనే కదమ్మాయ్ చట్టం," అన్నారాయన.

ఆమె సంతకం పెట్టకుండా వచ్చేసింది. ఆ జవాబు బాగుందనిపించినందుకు ఇంకా ఒళ్ళు మండింది.

అసలు తగువంతా ఒక బొంత దగ్గర వచ్చింది. సూర్యప్రభ తల్లి లోవమ్మ తునిలో పోయేముందు తన నేత చీరలూ, కూతురి పాత చీరలూ పొరలుగా పేర్చి, మనవరాలికి చేత్తో కుట్టిన బొంత అది. అది లేకపోతే శరణ్యకు కన్ను మూతపడదు. వారం వారం తండ్రి దగ్గరికి వెళ్ళేటప్పుడు బొంత కూడా వెళ్ళొచ్చేది. ఒకసారి అవాలిలోనే ఉండిపోయింది. పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. ఫోన్ చేస్తే సాకేత్, "పాతగుడ్డల మూటే కదా, రేపు తెస్తాలే," అన్నాడు.

"మా అమ్మ కుట్టింది పాతగుడ్డల మూటా? ఇవాళ్టినుంచి నీకు సంబంధించిన నూలుపోగు కూడా నా గుమ్మం తొక్కదు," అంది సూర్యప్రభ.

బొంత తిరిగొచ్చింది. ఇక బొంత అవాలి వెళ్ళదు. బొంత లేకుండా పిల్ల పడుకోదు. కాబట్టి పిల్ల కూడా వెళ్ళదు. లెక్క ఎక్కడా తప్పలేదని అకౌంటెంటు మనసుకు సర్దిచెప్పుకుంది. శరణ్య ఎదురు మాట్లాడలేదు. శుక్రవారం పొద్దున్నే జడ వేయించుకుని, బూట్లు తొడుక్కుని గుమ్మం దగ్గర కూర్చునేది. కాసేపటికి తనే విప్పేసుకుని లోపలికొచ్చేది. అది చూసినప్పుడు మాత్రం సూర్యప్రభ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఈ సంగతి లిఫ్టులో శరణ్య నోటినుంచే విన్నారు నాగేంద్రబాబుగారు. మర్నాడే మెత్తటి దుప్పట్లు కొనుక్కొచ్చారు, మామూలే, రెండు. శరణ్య చెంపకి ఆనించుకుని చూసి మర్యాదగా తిరిగిచ్చేసింది.

"ఇవి బొంతలు కావు తాతగారూ. వీటికి అమ్మ వాసన లేదు."

ఆయన చాలాసేపు తల గోక్కున్నారు. రెండు రోజులాగి సూర్యప్రభ తలుపు కొట్టారు.

"బ్యానర్ పనుందమ్మాయ్. బాగా కట్టిన పాత చీరుంటే ఇద్దూ."

"చీరతో బ్యానరేంటండీ?"

"దృఢంగా ఉంటాదని."

పీడ వదిలితే చాలని ఓ వెలిసిపోయిన వెంకటగిరి చీర చేతిలో పెట్టింది.

"ఒకటేనా?"

"ఒకటే."

"పోన్లే, రెండు ముక్కలు చేసుకుంటాను."

ఆ తర్వాత నెలరోజులూ ఆయన రెండు చేతుల బొటనవేళ్ళకీ ప్లాస్టర్లు వేసుకుని తిరిగారు. "చూశారా, ఈయనకి దెబ్బ కూడా జంటగానే తగుల్తుంది," అని హాలంతా నవ్వుకుంది. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వారు తప్ప కారణం చెప్పలేదు. బ్యానర్ మాత్రం పాతదే వేలాడింది. నా చీర ఏం చేశాడీ మనిషని సూర్యప్రభ లోపల్లోపల గొణుక్కుంది.

ఒక గురువారం సాయంత్రం ఆయన మళ్ళీ వచ్చారు. చంకలో మూట, వెనక లింగన్న. లింగన్నది జగిత్యాల, సల్మాబాద్ లేబర్ క్యాంపులో ఉంటూ వర్క్‌షాపుల యూనిఫారాలు కుడతాడు.

"మేడమ్, గీ సారుకు జర చెప్పుండ్రి," అన్నాడు గల్ఫ్ అంతటినీ దుబాయనే పిలిచే లింగన్న. "మిషిను మీద గంటల అయితది అంటే ఇనడు. చేత్తోని కుడితెనే మెత్తగుంటదట. దుబాయికొచ్చి బొంతలు కుట్టుడేంది మేడమ్? సూది పట్టరాదు, నా పక్కన గూసొని ఏళ్ళన్ని పొడుచుకున్నడు."

సూర్యప్రభ మూట విప్పింది. పైన తన వెంకటగిరి చీర. కుట్లు కొన్ని చక్కగా వరసలో ఉన్నాయి, కొన్ని దారితప్పి తిరిగాయి. ఏవి ఎవరివో అడగక్కర్లేకపోయింది.

"దీనికి జోడీ అవాలిలో ఉందమ్మాయ్," అన్నారు నాగేంద్రబాబుగారు, ప్లాస్టర్ల చేతులు వెనక్కి దాచుకుంటూ. "మీ అమ్మగారి బొంత నీ బీరువాలోనే భద్రంగా ఉంచుకో. పిల్ల మాత్రం ఏ మూటా మొయ్యక్కర్లేకుండా ఉత్తి చేతుల్తో వెళ్ళొస్తుంది. ఒక్కసారి పంపి చూడు."

"ఏడిస్తే?"

"ఏడిస్తే బల్లా, బ్యానరూ రెండూ మడిచేస్తాను."

శుక్రవారం శరణ్య బూట్లు తొడుక్కుంది, మళ్ళీ విప్పలేదు. శనివారం తెల్లారగానే సూర్యప్రభ ఫోన్ చేసింది.

"ఏడ్చిందా?"

"ఇంకా లేవలేదు ప్రభా," అన్నాడు సాకేత్ గొంతు తగ్గించి. "బొంత మొహం మీదికి లాక్కుని, అమ్మ వాసన అని పడుకుంది, అంతే. ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది."

ఆమె ఫోన్ పెట్టేసింది. మధ్యాహ్నం పక్క సర్దుతూ, మంచం మీదున్న బాబుగారి బొంతను దగ్గరికి లాక్కుంది. అప్పుడు చూసింది రెండోవైపు. నీలం గళ్ళు. సాకేత్ లుంగీ, తన చీరలాగే అవాలి వెళ్ళి అడిగి తెచ్చుంటారు. పెళ్ళయిన కొత్తలో తనే కొన్నది. నూలుపోగు కూడా తొక్కదన్న గుమ్మం దాటి లుంగీకి లుంగీయే వచ్చి మంచమెక్కి కూర్చుంది. సూర్యప్రభ లేచి కత్తెర తెచ్చింది, ఆ వైపంతా ఊడదీసేద్దామని.

సరిగ్గా అప్పుడే శరణ్య అవాలి నుంచి వచ్చి, బూట్లైనా విప్పకుండా బొంతలో దూరింది.

"అమ్మా, ఇందులో నాన్న కూడా ఉన్నాడు," అంది లోపల్నుంచి.

కూతురి గొంతు అంత తేటగా విని ఎన్నాళ్ళయిందో సూర్యప్రభకు గుర్తు రాలేదు. కత్తెర తీసుకెళ్ళి సొరుగులో పెట్టేసింది.

సాయంత్రం పులిహోర డబ్బా పట్టుకుని కింది అంతస్తుకి దిగింది. సంతకం ఎక్కడ పెట్టాలో అడిగి పెట్టింది.

"చట్టం ఎప్పుడొస్తుందో నాకు తెలీదండీ. మా పిల్లకి మాత్రం మీరు ముందే తెచ్చేశారు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీడం లేదు."

ఆయన ఇబ్బందిపడిపోయి, ఆ మాటలు విననట్టు డబ్బా మూత తీశారు. "ఒకటేనా అమ్మాయ్?"

"రెండోది మా ఇంట్లో ఉందండీ. శనివారం శనివారం శరణ్య వచ్చేసరికి మీరూ వచ్చి అక్కడే తినాలి."

ఆయన ఓ ముద్ద నోట్లో పెట్టుకున్నారు. పులిహోరలో కారం ఎక్కువైందని కళ్ళు తుడుచుకున్నారు. అందులో కారం వేయనే లేదు.

మరుసటి శనివారం చెప్పిన టైముకే వచ్చారు, చేతిలో సంచీతో. కడుపునిండా తిని, శరణ్యతో కబుర్లు చెప్పి, వెళ్ళేముందు సంచీలోంచి అచ్చం తన పాత చెప్పుల్లాంటిదే కొత్త చెప్పుల జత తీశారు. వాళ్ళ గుమ్మం పక్కన, శరణ్య బూట్ల పక్కనే సర్దిపెట్టి, పాతవి తొడుక్కుని నింపాదిగా మెట్లు దిగి వెళ్ళిపోయారు.