కాకెంగిలి శ్లోకం

ఇవాళ పొద్దున్న మా మనవడు మంచం మీంచి లేవకుండానే గొంతు నొప్పిగా ఉందన్నాడు. పిల్లవాడికి గొంతు నొప్పి రావడం లోకంలో వింతేమీ కాదు. పుష్యమాసపు మంచులో తిరిగి, పైన చల్లటి చెరుకురసం తాగితే రాకేం చేస్తుంది? ఏ ఇంట్లోనైనా మిరియాల కషాయం కాచి పోసి ఊరుకుంటారు. మా ఇంట్లో మాత్రం ఆ మాట వినగానే ముగ్గురం పరుగెత్తాం. నేను జపం మధ్యలో లేచిపోయాను. మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. వాడి తండ్రి, అంటే మా అబ్బాయి, నెరిసిన పిలక ముడి వేసుకుంటూ వచ్చి, వాణ్ణి వెలుతురు వైపు తిప్పి, నోరు తెరిపించి చూశాడు. "కాస్త ఎర్రగా ఉందండి, అంతే" అన్నాడు నాతో. అంతే అన్నాక కూడా ముగ్గురిలో ఒక్కరమూ అక్కణ్ణుంచి కదల్లేదు. మా కోడలు మా వాలకం చూసి నవ్వుకుంది. అప్పటినుంచీ నేను కాలుగాలిన పిల్లిలా అరుగు మీద ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాను. డెబ్బై దాటిన వాణ్ణి, ఇలా తిరిగితే మోకాళ్ళు ఊరుకోవు. కానీ కూర్చుంటే మనసు ఊరుకోదు.

గొంతు నొప్పి అంటే మాకెందుకింత భయమో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట పూర్తయి, మా సీమలో కాలవలు తవ్వుతున్న రోజులవి. అంబాజీపేట దాకా నడిచి వెళితే దారి పొడుగునా కొత్త మట్టి గట్లు, వాటి మీద పారలు, తట్టలు, కూలీల కేకలు. మా అబ్బాయికి అప్పుడే ఒడుగు చేసి, వేదం సంత మొదలుపెట్టాను. సంత అంటే గురువు ఒకసారి చెబుతాడు, శిష్యుడు రెండుసార్లు అంటాడు. నాకొక అలవాటుంది. వేదమైనా సరే, శ్లోకమైనా సరే, నోరు తెరిచానంటే కళ్ళు మూతబడిపోతాయి. చదివినదంతా ఆ చీకట్లోనే కనిపిస్తుంది నాకు. నా శిష్యులు ఆ సమయం చూసుకుని ఒక్కొక్కరే పెరటి గుమ్మంలోంచి జారుకునేవారనీ, చివరికి స్తంభాలకు పాఠం చెప్పి లేచేవాణ్ణనీ మా ఆవిడ ఇప్పటికీ వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంది. అందులో సగం నిజం.

ఆ ఏడు చలికాలంలో మా అబ్బాయికి గొంతు వాచి జ్వరం వచ్చింది. కషాయాలు పోశాం, మెడకు పట్టు వేశాం, తగ్గింది. మళ్ళీ వీధిలో పిల్లలతో ఆడుతున్నాడు కూడా. అమ్మయ్య అనుకున్నాక ఒక తెల్లవారుజామున వాడు లేచాడు, లేచినవాడు వేరే పిల్లవాడు. ఇంతకన్నా బాగా చెప్పడం నాకు చేతకాదు. రాత్రి తల్లి పక్కలో కథ చెప్పించుకుని నవ్వుతూ పడుకున్నవాడు పొద్దున్నే బావి దగ్గర కూర్చుని చేతులు కడుక్కుంటున్నాడు. కడిగి, చూసుకుని, మళ్ళీ కడుగుతున్నాడు.

ఏ ఇంట్లోనైనా తల్లిదండ్రులు దానికి బెంగపెట్టుకునేవారు. మేము వైదికులం కదా, మురిసిపోయాం. మా అమ్మ మడికి మా అగ్రహారమంతా హడిలిపోయేది. మడిలో ఉన్నప్పుడు ఆవిడ నీడ తొక్కాలన్నా జంకేవారు. "ఇన్నాళ్ళకి నాకు తోడు పుట్టేడర్రా" అని ఇరుగుపొరుగు అమ్మలక్కలకు చెప్పుకుని పొంగిపోయింది. నాది ఇంకో రకం మురిపెం. సంత చెబుతుంటే వాడు పాఠం మధ్యలో టక్కున ఆగి, ఏదో సరిగ్గా పడలేదని మళ్ళీ మొదటికి వెళ్ళేవాడు. నాకేమీ తప్పు వినిపించేది కాదు, అయినా వాడు మళ్ళీ మొదలుపెట్టేవాడు. ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి చెప్పడమే ఘనపాఠం. అందుచేత నా కొడుకు ఘనాపాఠీ అయ్యే లక్షణాలు చిన్ననాడే బయటపడ్డాయని కళ్ళు మూసుకుని మరీ ఆనందించాను. తెరిచి చూస్తే వాడి కళ్ళ వెంబడి నీళ్ళు కారుతున్నాయి. "నాన్నగారండీ, ఆపలేకపోతున్నానండీ" అన్నాడు.

అక్కణ్ణుంచి రోజురోజుకీ కొత్త వింత. మెడ ఉన్నట్టుండి ఒక పక్కకి విదిలించేవాడు. రెప్పలు టపటపా కొట్టేవాడు. ఒడుగైన పిల్లవాడు, చంటివాడిలా తల్లి చీర కుచ్చెళ్ళు పట్టుకుని, ఆవిడ బావికి వెళితే బావికీ, గోశాలకు వెళితే గోశాలకూ వెనకాలే. క్షణం కనబడకపోతే ఒకటే ఏడుపు. కడిగి కడిగి చేతులు బీటలు వారి నెత్తురు చిమ్మాయి. ఇది మడి కాదని ముందుగా ఒప్పుకున్నది మా అమ్మే. వాడి చేతులకు వెన్న రాస్తూ, "నా మడి మండా, పసివాడికి నేనేం నేర్పేనురా" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

అన్నిటికన్నా పెద్ద ముప్పు అన్నం దగ్గర వచ్చింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే చెయ్యి ఎంగిలైందని లేచి వెళ్ళి కడుక్కునేవాడు. వచ్చి చూస్తే ఆ చెయ్యి తగిలిన విస్తరి ఎంగిలి. ఇంకో విస్తరి వేస్తే ఇంకో ముద్ద, మళ్ళీ అదే. మనిషన్నవాడు తన ఎంగిలి తనే తింటాడురా అని చెప్పి చూశాను. ఊహూఁ. కొన్నాళ్ళకు విస్తరి ముందు కూర్చోవడమే మానేశాడు. నీళ్ళు మాత్రం పెదవికి చెంబు తగలకుండా ఎత్తి పోసుకునేవాడు. బొమికలు తేలాయి. ఒంటి మీద జంధ్యం బరువుగా కనిపించడం నేనెన్నడూ చూడలేదు, అప్పుడు చూశాను.

కొత్తపేట నుంచి పేరున్న వైద్యుణ్ణి పడవ మీద పిలిపించాను. ఆయన నాడి చూసి, నాలుక చూసి, గంభీరంగా తల ఊపి, "లంఖణం పరమౌషధం శాస్త్రులుగారూ. కొన్నాళ్ళు అన్నం పెట్టకండి" అన్నాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. మావాడి విషయంలో అది ఇంత చక్కగా కుదిరేసరికి నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వైద్యుడు వెళ్ళాక బంధువులు పట్టుకున్నారు. పిల్లవాడికి గాలి సోకింది, కాట్రేనికోన వైపు ఒక భూతవైద్యుడున్నాడు, వేపబరికెతో నాలుగు తగిలించి వదిలిస్తాడు, రేపే తీసుకువెళ్ళమన్నారు. నా మనసు అటూ ఇటూ ఊగింది. మా ఆవిడ మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడి, "వాడి ఒంటి మీద దెబ్బ తగలడానికి చోటెక్కడుందండీ? ముందు నన్ను కొట్టమనండి" అంది. చుట్టాల ఎదుట ఆవిడ నోరెత్తడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నం ఆవిడ వాణ్ణి పెరట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తల నిమురుతూ చాలాసేపు ఏమీ అడగకుండా ఊరుకుంది. అడగకపోవడం వల్లనే కాబోలు వాడు నోరు విప్పాడు. నేను జామచెట్టు ఇవతల పచార్లు చేస్తున్నాను. "అమ్మా, నేను ఎంగిలి తింటే నువ్వు చచ్చిపోతావంట" అన్నాడు. ఎవరన్నారని అడిగితే, "ఎవరూ అనలేదు. నా బుర్రలోకి వచ్చేస్తోంది. వద్దన్నా వచ్చేస్తోంది" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. మేమందరం భక్తి అనుకున్నదీ, మొండితనమనుకున్నదీ, దెయ్యమనుకున్నదీ అదన్నమాట. పసివాడు ఆకలితో మాడి మాడి తల్లిని బతికించుకుంటున్నాడు. నేను చెట్టుకు ఆనుకుని నిలబడిపోయాను.

మా ఆవిడ కళ్ళు తుడుచుకుని నా వైపు చూసి, "ఏమండీ, కాకెంగిలికి ఎంగిలి లేదు కదండీ?" అంది. మన పిల్లలందరికీ తెలిసిన ధర్మమే అది. జామకాయకో మామిడికాయకో గుడ్డ అడ్డం పెట్టి కొరికితే అది కాకెంగిలి, ఎంగిలి కాదు, స్నేహితుడికి పెట్టచ్చు. ఏ రుషి చెప్పాడో గాని, ఏ వీధిలోనూ దానికి ఎదురులేదు. నేను ఒక కాయ కోసి, కడిగి, నా ఉత్తరీయం కప్పి, ఇంత ముక్క కొరికి వాడి ముందు పెట్టాను. వాడి నోట్లో నీళ్ళూరడం నాకు కనిపించింది. చెయ్యి చాపాడు, అంతలోనే వెనక్కి తీసుకున్నాడు. ఎంతైనా నా శిష్యుడే. "దీనికి ప్రమాణం ఉందాండీ నాన్నగారూ?" అన్నాడు.

వేదంలో ఒక స్వరం తప్పు పలికితే మళ్ళీ స్నానం చేసి వచ్చే మనిషిని నేను. పుట్టి బుద్ధెరిగాక శాస్త్రం పేరు చెప్పి ఒక్క అబద్ధం ఆడలేదు. అటువంటి వాణ్ణి, "ఎందుకు లేదురా, ఉంది" అన్నాను. అని, నిలబడ్డ చోటే ఒక శ్లోకం కట్టి చెప్పాను. గుడ్డ అడ్డం పెట్టి కొరికినదానికీ, తల్లి చేత్తో నోట్లో పెట్టిన ముద్దకూ ఎంగిలి దోషం అంటదని దాని భావం. ఫలశ్రుతి లేకపోతే మావాడు నమ్మడు గనక అదీ చేర్చాను: అలా తిన్నవాడి తల్లి నిండు నూరేళ్ళు బతుకుతుంది. "ఏ స్మృతిలోదండీ?" అన్నాడు. చాలా పాత శ్లోకం, ఆ తాటాకులు కాశీలో ఉన్నాయి అన్నాను. మా ఊళ్ళో కాశీ వెళ్ళి వెతికి వచ్చేవాళ్ళెవరూ లేరన్న ధైర్యం. వాడు నన్నూ, కాయనూ మార్చి మార్చి చూస్తున్నాడు. అప్పుడు వెనకనుంచి మా అమ్మ గొంతు వినిపించింది. తడిబట్టతో, మడితో, తులసికోట దగ్గర నిలబడి ఉంది. ఆవిడకు శ్లోకాలు రావు గాని, నాకు అబద్ధం ఆడటం రాదని బాగా తెలుసు. "ఆయ్, అదే శ్లోకం. మీ తాతగారు కూడా ఎప్పుడూ చెప్పేవారు" అంది తొణకకుండా.

వాడు ఆ ముక్క తీసుకుని తిన్నాడు. తర్వాత కాయను తనే నా ఉత్తరీయంలో చుట్టుకుని కొరికాడు. గింజలతో సహా తినేశాడు. ఆ సాయంత్రం తల్లి పెరుగన్నం ముద్దలు చేసి, వేళ్ళు పెదవికి తగలకుండా వాడి నోట్లో వేసింది. ప్రతి ముద్దకూ ముందు వాడు ఆ శ్లోకం చెప్పుకున్నాడు. నేను గోడవైపు తిరిగి నిలబడి ఏడ్చాను.

దానితో రోగం పోయిందని చెబితే ఇది పురాణం అవుతుంది. పోలేదు. ప్రాణం మాత్రం నిలిచింది. మెడ విదిలింపు, చేతులు కడుక్కోవడం, భయాలు మెల్లిమెల్లిగా వెనక్కి తగ్గి, ఎండలు ముదిరేనాటికి మా అబ్బాయి మళ్ళీ మా అబ్బాయి అయ్యాడు. మరుసటేడు చలికాలంలో గొంతు వాచింది, వెనకాలే మళ్ళీ అన్నీ వచ్చాయి. అప్పుడే మా ఆవిడ అంది: "దెయ్యమూ కాదు, పాడూ కాదండీ. వీడికి గొంతులో మొదలై బుర్రకి ఎక్కుతోంది." గొంతుకీ బుర్రకీ సంబంధమేమిటో నాకూ తెలియదు, నేనడిగిన వైద్యులకూ తెలియలేదు. కానీ అది రోగమని అనుకున్నాక వాడి మీద కోపం రావడం మానేసింది. చలి మొదలైందంటే ఇంట్లో నాకు పాఠం సాగేది కాదు. ఎవరు దగ్గినా, ఎవరు సకిలించినా కళ్ళు తెరుచుకునేవి. ఏటికేడూ తీవ్రత తగ్గుతూ వచ్చి, వాడికి మీసాలు వచ్చేనాటికి పూర్తిగా మానేసింది. ఘనాపాఠీ కూడా అయ్యాడు. కాని పామును చూసినవాడికి తాడన్నా భయమేనన్నట్టు, మాలో అదురు మాత్రం పోలేదు.

ఇందాక తిరిగి తిరిగి అలిసిపోయి లోపలికి తొంగి చూశాను. మా అబ్బాయి మనవడి పక్కన కూర్చుని, జామకాయకు ఉత్తరీయం కప్పి కొరికి ఇస్తున్నాడు. ఇస్తూ ఆ శ్లోకమే చదువుతున్నాడు. మనవడు ఇంకో ముక్క కావాలని మారాం చేస్తున్నాడు. ఆకలి ఉంది, అల్లరి ఉంది. నాకు సగం ప్రాణం లేచి వచ్చింది.

మా అబ్బాయి బయటికి వచ్చాక అడిగాను. "ఒరే అబ్బాయీ, ఆ శ్లోకం ఏ స్మృతిలోదిరా?"

"కాశీలో ఉందన్నారు కదండీ" అని నవ్వాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆవేళే తెలిసిందండి నాన్నగారూ. మీరు ఏది చదివినా కళ్ళు మూసుకుంటారు. అది మాత్రం కళ్ళు తెరిచి, నా నోటికేసి చూస్తూ చెప్పేరు."

"మరి తెలిసీ ఎలా తిన్నావురా?"

"మీరు అబద్ధం ఆడరు. మామ్మ అసలే ఆడదు. ఇద్దరూ కలిసి ఆడేరు. నేను తింటే అమ్మకి నిజంగా ఏవన్నా అయ్యేటట్టుంటే మీరలా ఆడేవారు కాదు కదండీ" అన్నాడు.

వంటింట్లోంచి మా ఆవిడ, కషాయం చల్లారిపోతోంది, తండ్రీ కొడుకులకు అరుగు మీద కబుర్లా అని కేకలేస్తోంది. ఆ ఫలశ్రుతి ఫలించిందనే అనుకోవాలి. మా అబ్బాయి లేచి లోపలికి వెళ్ళాడు, నేను చాలాసేపటికి కూర్చున్నాను. ఆ రోజు వాడికి చాలా పాత శ్లోకమని అబద్ధం చెప్పాను, ఇన్నేళ్ళు గడిచేసరికి అది నిజంగానే పాతదైపోయింది.