సీటు కింది అసలు రంగు

"రంగు కుదిరిందా చెల్లె?"

"కుదిరిందన్నా."

"ఎండల పెట్టి చూసినవా?"

"చూసిన."

దవాఖాన మంచం మీదున్న ఉస్తాద్, నేను ఆఖరుసారి మాట్లాడుకున్న మాటలివి. ఇయ్యాల పొద్దున పక్కింటోళ్లు గేటుకు రంగేస్తుంటే థిన్నర్ వాసన ఇంట్లకొచ్చింది. చేతిల చీపురు చేతిలనే ఉండిపోయింది. అందుకే కోడలు రజితను కూసోబెట్టి రాయిస్తున్న. నాకు సంతకం దాకనే వచ్చు.

ఉస్తాద్ అంటే మల్లేశం. మెదక్ల, రామాయంపేట పోయే తొవ్వల, బండ్లకు రంగులేసే షెడ్డు ఆయనది. నా పెనిమిటి సచ్చిపోయిన ఏడు ఎవ్వరు పనియ్యకుంటే ఆడికి పోయిన. షెడ్డుల మొగోళ్లు నవ్విండ్రు. "గీమెకు రంగు గీకే ఎమ్రీ కాయితం పట్టుడు ఎవరు నేర్పుతరు?" అన్నడొకడు. "నువ్వేమన్న మీ అమ్మ కడుపుల నేర్చుకొని వచ్చినవారా?" అన్నడు ఉస్తాద్. మర్నాటి నుంచి పాత బండ్ల రంగు గీకుడు నా పని.

ఆయన షెడ్డుల ఒక కాయిదా ఉండె. పాత రంగును గీకి బయటికి తీసినోళ్లే, కొత్త రంగు దానికి కుదిరిందో లేదో మొదలు చెప్పాలె. వాళ్లు కుదిరిందన్నంకనే ఆయన స్ప్రే గన్ను పట్టేది. పచ్చి రంగును నమ్మేటోడు గాదు. రేకు ముక్కకు పూసి, ఎండల ఆరబెట్టి, పాత రంగు పక్కన పెట్టి, పది అడుగులు వెనుకకు పోయి చూడమనేటోడు. "నా మొకం చూసి చెప్పకు. రంగును చూసి చెప్పు," అనేటోడు. అంతకుముందు నా మాట అడిగినోళ్లు లేరు. ఇంట్ల ఏం కూర వండాల్నో గూడ అత్తే చెప్పేది.

ఒకనాడు హవేలిఘనపూర్ నుంచి ముసలి పటేల్ ఒకాయన మిలిట్రీ జీపు తెచ్చిండు. వాళ్ల నాయిన వేలంల కొన్నదట. ఇన్నేండ్లల దాని మీద నీలం, ఎరుపు, తెలుపు, ఎన్ని రంగులు పడ్డయో. "మా నాయిన ఇంటికి తెచ్చిననాడు ఏ రంగుండెనో గదే కావాలె మల్లేశం. పొయ్యేలోపల ఒక్కసారి చూసుకుంట," అన్నడు.

బానెట్ మీద గీకితే అడుగున వెలిసిన రంగొకటి తేలింది. ఉస్తాద్ ఒప్పుకోలే. "ఎండ తిన్న రంగు అబద్ధమాడుతది చెల్లె. ఎండ తగలని తావు చూడు." నాలుగు దినాలు వెతికిన. డ్రైవర్ సీటు కింద ఇనుప పట్టీ విప్పితే అరచేతంత దొరికింది. పచ్చగ గాదు, మట్టి రంగు గాదు, నీడకు ఎండిన గోంగూర లెక్కుంది.

ఉస్తాద్ మూడుసార్లు కలిపిండు. మూడోసారి రేకు ఎండినంక పక్కన పెట్టి చూసిన. పసుపు ఎక్కువైంది. అప్పటికే ఆయన డబ్బాల మూతలు ముక్కుకాడికి తెచ్చుకొని చూస్తుండె. కండ్లకు పొర కమ్మిందని నాకొక్కదానికే ఎరుక. చుట్టు పనోళ్లు నిలబడ్డరు. కాదంటే ఆయన చూపు పోయిందని ఊరంత తెలుస్తది. చూపులేని పెయింటర్‌కు బండి ఎవరిస్తరు?

"చెప్పు చెల్లె," అన్నడు.

ఆయన మొకం చూసిన. "కుదిరిందన్నా," అన్న.

స్ప్రే కొట్టే ముందు ఆ అరచేతంత రంగును నేనే, ఈ చేతులతోనే గీకేసిన. ఇంక పోల్చి చూసుకుందామన్న ఏం మిగల్లే.

పటేల్ వచ్చిండు. జీపు చుట్టు తిరిగిండు, ఎక్కి కూసున్నడు, దిగిండు. "మంచిగున్నది మల్లేశం," అన్నడు. నల్లాకాడ నేను చేతులు కడుక్కుంటుంటే దగ్గరికొచ్చి మెల్లగ, "గిది కాదు గదమ్మా," అన్నడు. నేను నల్లా ఇంకింత తిప్పి, కడిగిన చేతులే మళ్ల కడిగిన. ఆయన జీపెక్కి పోయిండు.

నెల తిరగకముందే ఉస్తాద్‌కు గుండెనొప్పొచ్చింది. దవాఖానల మళ్ల గదే అడిగిండంటే, ఆయనకు అనుమానం ఉన్నట్టే. అప్పుడన్న నిజం చెప్పకపోతి. ఒక్కన్నే గాదు, ఇద్దరు ముసలోళ్లను మోసం చేసిన.

ఉస్తాద్ పోయినంక ఇప్పుడు వేరే షెడ్డుల పని చేస్తున్న. రంగు కుదరకుంటే ఎవరి మొకం చూడను, కుదరలేదంట. సేటు గుర్రుమంటడు, పనోళ్లు తిట్టుకుంటరు. అనేటోళ్లను అననీ. ఉస్తాద్‌కు ఒక్కసారి చెప్పాల్సిన మాట, ఇప్పుడు కనపడ్డోళ్లందరికి చెప్తున్న.

రాసుడు అయిందా బిడ్డా? మొదటి నుంచి చదివి వినిపియ్యి. నన్ను ఎక్కడన్న మంచిదాన్ని చేసి రాసుంటే, గది కొట్టెయ్.