పేరు చెప్పని పరుగు

ఆ రోజుల్లో పరుగెత్తడానికి బూట్లు అక్కర్లేదు, కారణం ఒకటి ఉంటే చాలు. బస్సు వెళ్ళిపోతోందనో, కుక్క వెంటపడిందనో, పాలు ఆలస్యమైతే హోటలాయన కేకలేస్తాడనో పరుగెత్తేవాళ్ళం. ఇప్పుడు మా అపార్టుమెంటు పిల్లలు ఊరికే పరుగెత్తడానికి కూడా చేతికి ఒక గడియారం, నడుముకు ఒక సీసా తగిలించుకుని బయలుదేరుతున్నారు. (వాళ్ళను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. నేనూ ఆ గడియారం కొనుక్కున్నాను. రోజూ సాయంత్రం అది నన్ను మందలిస్తుంది, నేను దాన్ని బీరువాలో పెడతాను.) ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, నేను కూడా ఒకప్పుడు పరుగు పందెంలో మూడో స్థానంలో వచ్చిన మనిషినే. ఆ మూడో స్థానం నాకు దక్కడానికి నా కాళ్ళకంటే మా నానమ్మ నోరు ఎక్కువ కష్టపడింది.

చాంద్రాయణగుట్టలో నేను చదివిన బడికి ఆటస్థలం లేదు. నాలుగు సైకిళ్ళు నిలబెడితే ఐదో సైకిలు వీధిలో ఉండాల్సినంత వాకిలి. కానీ టైమ్‌టేబుల్లో వారానికి రెండు ఆటల పీరియడ్లు ఉండేవి. వాటిని మా డ్రిల్లు సారు వృథా పోనివ్వలేదు. ఆడించే చోటు లేదు కాబట్టి ఆటల చరిత్ర చెప్పేవారు. సోషల్ కూడా ఆయనే చెప్పేవారు కనుక ఆయనకదేం కష్టం కాలేదు. చాక్‌పీసు ముక్కను చక్రంలా విసిరి చూపించేవారు. బల్ల మీద ఎడమ కాలు పెట్టి, "గిట్ల నిలబడి, గట్ల ఉరికెటోళ్ళు గ్రీకులు" అనేవారు. "ఒలింపిక్స్ల మొదట్ల ఒక్కటే పోటీ. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉరుకుడు. గెలిచినోనికి బంగారం ఇచ్చిన్రా? లే. ఆలివ్ ఆకుల కిరీటం! ఆటలకు పోయొచ్చెటోళ్ళను తొవ్వల ఎవ్వలు ముట్టద్దని యుద్ధాలు సుత బంద్ పెట్టిన్రు" అన్నారొకసారి. పాడి ఇంటి పిల్లను కదా, "సార్, ఆ ఆకు బర్రెలు తింటయా?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. తెలుసుకుని చెప్తానన్నారు. ఆ గ్రీకులు బట్టలు లేకుండా పరుగెత్తేవారన్న సంగతి చెప్పేటప్పుడు మాత్రం కిటికీ వైపు తిరిగి, చాలా వేగంగా చెప్పి, వెంటనే రోము నగరానికి వెళ్ళిపోయారు. అక్కడ ఒక చక్రవర్తి రథం మీంచి కింద పడ్డా ఆయనే గెలిచాడని ప్రకటించారట. ఆ ముక్కకు క్లాసంతా చప్పట్లు కొట్టింది. తర్వాత ఇంకో చక్రవర్తి ఆ ఆటలే వద్దన్నాడు. వందల ఏళ్ళు అవి పడకేశాయి. చివరికి ఒక ఫ్రెంచి పెద్దమనిషి పూనుకుంటే ఏథెన్సులో మళ్ళీ మొదలయ్యాయి. అక్కడ నీళ్ళు మోసుకుని బతికే ఒకాయన దూరపు పరుగు గెలిచాడు. ఇవన్నీ మాకు ఎక్కాలకంటే బాగా వచ్చేవి.

ఆ దూరపు పరుగు ఎలా పుట్టిందో చెప్పిన రోజే నా కొంప మునిగింది. యుద్ధం గెలిచిన కబురు చెప్పడానికి మారథాన్ నుంచి ఒక సైనికుడు ఏథెన్సు దాకా ఆగకుండా పరుగెత్తాడు. ఊరి పెద్దల ముందు నిలబడి "గెలిచినం!" అన్నాడు. అని, అక్కడే పడి చచ్చిపోయాడు. సారు కూడా కుర్చీలో పడి చూపించారు. సరిగ్గా అప్పుడే గంట కొట్టారు. అది కథే కావచ్చుననీ, ఇప్పుడు వేలమంది ఆ దూరం పరుగెత్తి ఇంటికి వెళ్ళి శుభ్రంగా భోంచేస్తున్నారనీ ఆయన చెప్పవలసిన మిగతా సగం పై వారానికి పోయింది. మొదటి సగం ఆ సాయంత్రమే మా ఇంటికి చేరింది. చేరవేసింది నేనే.

పై వారం ఆ మిగతా సగం మరిచిపోయి సారు ఆడవాళ్ళ సంగతి చెప్పారు. పాత రోజుల్లో పెళ్ళయిన ఆడవాళ్ళను ఆ ఆటలు చూడనిచ్చేవారు కూడా కాదట. ఏథెన్సులో మళ్ళీ మొదలైనప్పుడు చంటిపిల్లాడి తల్లి ఒకావిడ నేనూ పరుగెత్తుతానంటే వద్దన్నారట. "మర్నాడు ఒక్కతే ఉరికింది. ఆమెను స్టేడియంల అడుగు పెట్టనియ్యలే. పేరు సుత సక్కగ రాసుకోలే. ఒకరు ఒక పేరంటరు, ఇంకొకరు ఇంకొక పేరంటరు" అన్నారు సారు. "ఒలింపిక్స్ల ఆడోళ్ళకు గీ పరుగు పెట్టి పదేండ్లు గూడ గాలే" అని జేబులోంచి ఒక కాగితం తీశారు. ఊళ్ళోని బడుల ఆడపిల్లలకు పరుగు పందెం. బహదూర్‌పురాలో జూపార్కు ముందు మొదలై, ఫలక్‌నుమా మీదుగా మా చాంద్రాయణగుట్ట చౌరస్తాలో ముగుస్తుంది. మొదటి ముగ్గురినీ రాష్ట్ర పోటీలకు వరంగల్ పంపుతారు. రైల్లో! క్లాసంతా నా వైపు చూసింది. పొద్దున్నే రెండు చేతుల్లో రెండు పాల క్యాన్లతో నేను పరుగెత్తడం చూడనివాళ్ళు మా వాడలో లేరు. "ఏథెన్సుల నీళ్ళు మోసెటాయన గెలిచిండు. పాలు మోసెదానికి ఏమైంది?" అన్నారు సారు. నాకు ఏథెన్సు పట్టలేదు, ఆకుల కిరీటమూ పట్టలేదు, పట్టింది రైలొక్కటే. ఫలక్‌నుమా స్టేషను పక్క హోటల్లో పాలు పోసి రోజూ రైళ్ళను చూసి వచ్చేదాన్నే తప్ప అప్పటి వరకూ ఒక్కసారి కూడా రైలెక్కలేదు. ఆ రాత్రి అన్నం తినడం కూడా కిటికీ పక్కన కూర్చునే తిన్నాను, అలవాటవుతుందని.

మా ఇంట్లో నానమ్మ ఒప్పుకుంటే అందరూ ఒప్పుకున్నట్టే. నానమ్మ ఒప్పుకోలేదు. "ఉరికి సచ్చిండని నువ్వే గదనే జెప్పినవ్! ఏం అక్కర లేదు" అంది. ఏడ్చాను. పాలు పోయనన్నాను. రెండు రోజులు ఆలోచించి, బర్రెలకు కుడితి పెడుతూ నానమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ సైనికుడి కేసును ఆవిడ పరిశోధించిన తీరు పోలీసులకు కూడా చేతకాదు. "ఉరికినంత సేపు మంచిగనె ఉన్నడు గద? ఎప్పుడు సచ్చిండు? నోరు తెరిసినంక. అంటే ఉరుకుడుతోని గాదు, మాటతోని సచ్చిండు. ఆయాసం మీద నోరు తెరిస్తే పానం ఆ మాటెంబడి పోతది. ఉరుకుపో బిడ్డా. కని ఉరికినంక నేను సల్ల తాపి, నీ ఒళ్ళు సల్లబడి, నేను మాట్లాడుమనే దాక నోరు తెరిస్తివా, నా మీద ఒట్టే!" అంది. పద్నాలుగేళ్ళ పిల్లకు ఆ తర్కంలో తప్పేమీ కనబడలేదు. పైగా ఒట్టు నానమ్మ మీద. నేను నోరు తెరిస్తే పోయేది ఎవరో, నేనో నానమ్మో, అదొక్కటే నాకు సరిగ్గా అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున జూపార్కు ముందు నా అంగీకి గుండుసూదులతో నంబరు కాగితం గుచ్చారు. సారు గ్లూకోజు పొట్లం పట్టుకుని స్కూటరు మీద వెనకే వస్తానన్నారు. (పోలీసులు బండ్లను ఆపేయడంతో ఆయన అక్కడే ఉండిపోయారు. అది నాకు తర్వాత తెలిసింది.) ఈల వేశారు. నేను మొదటి నుంచీ నోరు మూసుకునే పరుగెత్తాను. ముందు జాగ్రత్త. ముక్కుతో ఊపిరి తీస్తుంటే పక్క పిల్లలు భయపడి దారిచ్చారు. ఫలక్‌నుమా దగ్గర నేను రోజూ పాలు పోసే హోటలాయన బకెట్టుతో నిలబడి, "అరె, అప్నీ దూద్‌వాలీ బచ్చీ! భాగో బేటీ, భాగో!" అని తన పాలపిల్లను ఉరకమంటూ అభిమానం కొద్దీ సగం బకెట్టు నీళ్ళు నా మీద కుమ్మరించాడు. ఒళ్ళు చల్లబడింది. నంబరు కాగితం ముద్దయిపోయి ఎక్కడో జారిపోయింది. గుండుసూదులు మాత్రం మిగిలాయి. చౌరస్తా కనబడేసరికి నా ముందు ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరి వెనకే తాడు దాటాను. నోరు తెరవలేదు.

తాడు అవతల ఒక బల్ల, బల్ల మీద రిజిస్టరు, రిజిస్టరు వెనక టోపీ పెట్టుకున్న ఒక ఆఫీసరు. మొదటి ఇద్దరి పేర్లూ రాసి, మూడో గీత మీద కలం ఆనించి, "నంబరు?" అన్నాడు. గుండుసూదులు చూపించాను. "పేరు?" నవ్వాను. "ఏ బడి?" మా బడి ఉన్న వైపు చెయ్యి చూపించాను. "మూగపిల్ల, పాపం" అన్నారెవరో. ఇంకొకరు, "మధ్యల ఉరికొచ్చి కలిసినట్టుంది. గిట్ల మస్తు మంది వస్తరు సార్" అన్నారు. (రాసి చూపించొచ్చు కదా అని మీరడుగుతారు. నేనూ కలం కోసం చెయ్యి చాపాను. ఆఫీసరు రిజిస్టరును గుండెలకు హత్తుకున్నాడు. ప్రభుత్వ రిజిస్టరట, ముట్టుకోకూడదట.) అంతలో నాలుగో పిల్ల వచ్చింది. ఆ మహాతల్లి అడక్కుండానే తన పేరు, తండ్రి పేరు, బడి పేరు, వీధి పేరు ఒక్క ఊపిరిలో చెప్పేసింది. కలం మూడో గీత మీదికి దిగుతోంది. పేరు ఎవరూ రాసుకోని ఆ చంటిపిల్లాడి తల్లి గుర్తొచ్చింది. నా రైలు కళ్ళ ముందే వెళ్ళిపోతోంది. నోరు తెరుద్దామనే అనుకున్నాను. నానమ్మ చచ్చిపోతే? తెరవలేకపోయాను. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం వచ్చాయి.

అప్పుడు మా వాడ ఆడవాళ్ళను వెంటేసుకుని, జనాన్ని తోసుకుంటూ చల్ల చెంబుతో నానమ్మ వచ్చింది. "తాగు, ముందుగల తాగు" అంది. ఆఫీసరు ఆశగా, "అమ్మా, మీ పిల్లేనా? పేరు చెప్పండి, రాసుకోవాలి" అన్నాడు. "పొట్టి" అంది నానమ్మ. "ముద్దుపేరు కాదు, బడిలో పేరు." నానమ్మ నోరు తెరిచి, అలాగే మూసేసింది. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా ఇలవేల్పు కొమురవెల్లి దేవుడు. ఆ దేవుడి పేరే మా తాతకు పెట్టారు, చివర కాస్త మార్చి నాకూ పెట్టారు. మొగుడి పేరు నోటితో పలకకూడదన్న పట్టింపు నానమ్మది. పెళ్ళయి నలభై ఏళ్ళయినా ఒక్కసారి కూడా పలకలేదు. దేవుడికి మొక్కినా "కొమురెల్లి సామీ" అనే మొక్కేది. మల్లెపూలలోనూ ఆ పేరు మొదలు వినబడుతుందని వాటిని తెల్లపూలనే అనేది. అందుకే ఆవిడకు నేను పొట్టిని, ఆవిడను చూసి వాడందరికీ పొట్టినే.

"కొమురెల్లి..." అని మొదలుపెట్టింది నానమ్మ. "ఊరు అడగలేదమ్మా, పేరు అడిగాను" అన్నాడు ఆఫీసరు. "ఊరు గాదయ్యా, ఆడున్న సామి..." "టైము లేదమ్మా!" అని ఆయన మళ్ళీ కలం ఎత్తాడు. నానమ్మ నా మొహం చూసింది, నా ఆయాసం ఇంకా తగ్గలేదు. చెంబు బల్ల మీద పెట్టింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, నా పేరు చెప్పింది. అందులో తాత పేరు ఎంతుందో అంతా చెప్పింది. "వినబడలేదు, గట్టిగా చెప్పండి!" అన్నాడు ఆ పాపాత్ముడు. నానమ్మ చౌరస్తా అంతటికీ వినబడేలా చెప్పింది. మా వాడ ఆడవాళ్ళు నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. నానమ్మ చెంపలు వేసుకుంది. బడి పేరు ఆవిడకు తెలియదు గానీ, పేరు దొరికాక ఆఫీసరు పోటీదారుల జాబితాలో వెతికి బడిని తనే పట్టుకుని, మూడో గీత మీద నన్ను రాశాడు. ఆ చల్ల తాగుతూ నేను ఎంత ఏడ్చానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ రోజు మాత్రం లోకంలో మా నానమ్మంత ధైర్యవంతురాలు లేదనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

కాసేపటికి సారు స్కూటరు దిగి రొప్పుతూ వచ్చారు. "ఏమైందమ్మా?" అంటే నేను పలకలేదు, నాకింకా అనుమతి రాలేదు. ఓడిపోయాననుకుని, "ఫికర్ జెయ్యకు, గెలుసుడు గాదు, పాల్గొనుడే ముఖ్యం" అని ఒలింపిక్స్ ఆశయాలన్నీ పది నిమిషాలు వివరించి, ఆ తర్వాత రిజిస్టరు చూశారు. వరంగల్ రైల్లోనే వెళ్ళాను. అక్కడ నా స్థానం చివరి నుంచి లెక్కపెడితే త్వరగా దొరుకుతుంది. కిటికీ పక్క సీటు మాత్రం రానూ పోనూ నాదే.

ఆ ఆదివారం సాయంత్రం పాలు పితికే వేళకు కబురు తాత దగ్గరికి చేరిపోయింది. తాత తలకు నూనె రాసుకుని, ఉతికిన ధోవతి కట్టుకుని కొట్టంలోకి వచ్చాడు. "చౌరస్తల ఏదో అన్నవంట?" అన్నాడు. "ఏమన్లే" అంది నానమ్మ, తల ఎత్తకుండా. "ఊరంత ఇన్నదంట. నేనొక్కన్నే ఇనకపోతి. ఇంకొక్కపారి అనరాదే" అన్నాడు. అంత పెద్దమనిషి అలా బతిమాలడం నేను అంతకుముందు చూడలేదు. "పాలు పొంగుతయ్ పో" అంది నానమ్మ. అప్పటికి పొయ్యి కూడా ముట్టించలేదు. తాత ఆ తర్వాత బతికిన పన్నెండేళ్ళూ పండగకో పబ్బానికో అడుగుతూనే ఉండేవాడు. నానమ్మ మళ్ళీ పలకలేదు.

నేను మా ఆయన్ని పెళ్ళయిన మర్నాటి నుంచీ పేరు పెట్టే పిలుస్తున్నాను. ఆధునికురాలినని ఆ రోజు చాలా గర్వపడ్డాను కూడా. రోజుకు వందసార్లు పిలుస్తాను. ఒక్కసారీ తల తిప్పి చూడడు.