పిల్లర్‌కు కట్టిన బండి

"ఈ తాళం చాబీ పోయిందనుకోండి, పగలగొట్టడానికి ఎంతసేపు పడుతుంది?" అని అడిగాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో బండ్ల సామాన్లమ్మే దుకాణం అది. కౌంటర్ మీద అప్పటికే నాలుగు తాళాలు పరిచి ఉన్నాయి. దుకాణం ఆయన నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూశాడు. హ్యాండ్‌బ్యాగు, చేతిలో కూరగాయల సంచి, కళ్లద్దాలు. దొంగలాగా కనిపించలేదేమో, కొంచెం తేరుకున్నాడు.

"పగలకూడదనే కదండీ మేం అమ్మేది," అన్నాడు. మనిషిది కోస్తా వైపు, మాటలోనే తెలిసిపోతోంది. "ఎలక్ట్రిక్ బండన్నారు కదా. ఈ గొలుసు తీసుకోండి. కట్టర్‌తో కూడా కోయలేరు. దీన్ని వేసుకుని మీరు కాశీకెళ్లి రండి, బండి ఎక్కడ పెట్టారో అక్కడే ఉంటుంది."

ఆయన ఎంతో సంతోషంగా చెప్పిన ఆ మాటకు, గొలుసు మీద పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎక్కడ పెట్టానో అక్కడే ఉండిపోయిన బండి కథ నాకు తెలుసు. ఆయనకు చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

కర్మన్‌ఘాట్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో బండ్లకు హ్యాండిల్ లాక్ వేయరు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు. కార్లు, స్కూటర్లు ఒకదాని మీద ఒకటి పడ్డట్టుంటాయి. ఎవరి కారు బయటికి రావాలన్నా ముందు ఇంకొకరి బండి జరపాలి. అందుకని హ్యాండిల్ వదిలేసి పోవాలి. మేము కిరాయికి వచ్చిన కొత్తలో నేను అలవాటుగా లాక్ వేస్తే, కింది ఫ్లోర్ అంకుల్ పిలిచి మరీ చెప్పారు.

"బండి నీదే గని బిడ్డా, జరిపేది అందరం," అని నవ్వారు.

అంకుల్‌ వాళ్లది అల్మాస్‌గూడ. ఒకప్పుడు వ్యవసాయం. పొలాలు ప్లాట్లయ్యాక ఆయనా, ఆంటీ ఇక్కడ ఫ్లాట్ కొనుక్కుని వచ్చేశారు. పొద్దున్నే గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పేపరు చదివేవారు. ఎవరు ఎన్నింటికి పోతున్నారో, ఎవరింట్లో గ్యాస్ అయిపోయిందో అన్నీ ఆయనకే తెలియాలి. నాకు ఒక్కోసారి చిరాకేసేది. పొద్దుటి హడావుడిలో నిలబెట్టి, మా పోచంపల్లిలో ఇంకా మగ్గాలు ఆడుతున్నాయా అని అడిగితే ఏం చెబుతాం?

నేను ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నప్పుడు ఛార్జింగ్ పెట్టడానికి ప్లగ్ పాయింట్ గేటు పక్క పిల్లర్‌కు తప్ప ఎక్కడా లేదు. అది సరిగ్గా అంకుల్ కారుకు ముందు. మొహమాటపడుతూ అడిగాను.

"పెట్టుకో బిడ్డా. నాకేంది, జరిపి తీస్కుంట," అన్నారు.

తర్వాత మా వెనక గల్లీలో రెండు బండ్ల బ్యాటరీలు పోయాయి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటోలు చూసిన దగ్గర్నుంచి నాకు కంటికి కునుకు లేదు. నా సంగతి అంతే, ఒకటి పట్టుకుంటే వదలను. సరూర్‌నగర్ వెళ్లి లావుపాటి గొలుసు, పెద్ద తాళం కొనుక్కొచ్చి, వెనక చక్రాన్ని పిల్లర్‌కు కట్టేశాను. అంకుల్ చూసి, "ఇదేందే, బర్రెను కట్టేసినట్టు కట్టేసినవ్," అన్నారు. చాబీ మా తలుపు పక్కన మేకుకు ఉంటుందనీ, కారు తీసేటప్పుడు ఒక కేక వేస్తే వస్తాననీ చెప్పాను. పగలు బండి నాతోపాటు ఎల్బీ నగర్‌లో నేను పనిచేసే కాలేజీకే వస్తుంది కాబట్టి ఇబ్బందేమీ ఉండదనుకున్నాను.

ఆ రోజు ముసురు పట్టింది. నాంపల్లిలో పనుంది. బండి ఛార్జింగ్‌లోనే వదిలేసి మెట్రో ఎక్కాను. మా ఆయన అప్పటికే ఆఫీసుకు వెళ్లిపోయాడు. రైలు మలక్‌పేట దాటుతుండగా ఆంటీ ఫోన్.

"బిడ్డా, నీ బండి చాబి యాడున్నది? జల్ది చెప్పు. అంకుల్‌కు ఛాతిల నొస్తుంది."

"మా తలుపు పక్కన మేకుకు..." అంటూ బ్యాగులో చెయ్యి పెట్టాను. వేళ్లకు తగిలింది. అలవాటు కొద్దీ బ్యాగులో వేసుకుని వచ్చేశాను.

"ఆంటీ, నా దగ్గరే ఉంది," అన్నాను. అవతల ఆమె ఎవరికో చెబుతోంది, "చాబి లేదట. చాబి లేదట." ఫోన్ కట్ అయింది.

తర్వాతి స్టేషన్‌లో దిగి, అవతలి ప్లాట్‌ఫామ్‌కు పరుగెత్తి, వెనక్కి వచ్చాను. చాబీ పిడికిట్లోనే పట్టుకున్నాను. నేను ఇంటికి చేరేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. అంకుల్ కారు తలుపులు తెరిచే ఉన్నాయి. తర్వాత తెలిసింది, పై ఫ్లోర్ ఆయన స్టీరింగ్ పట్టి అంకుల్ కారును పక్కనుంచి తీయబోయారట, నలుగురు కలిసి నా బండిని ఎత్తబోయారట, చక్రం పిల్లర్‌ను వదల్లేదట. చివరికి ఎవరో మెయిన్ రోడ్డుకు పరుగెత్తి ఆటో తెచ్చారు. నేను వచ్చేసరికి అక్కడ ఒక్క మనిషి లేడు. నేను వంగి తాళం తీశాను. బండిని పక్కకు జరిపాను. ఎవరి కోసం జరిపానో నాకే తెలియదు.

అంకుల్ దవాఖాన చేరకముందే పోయారు.

ఆ సాయంత్రం వచ్చిన జనంలో ఎవరో అన్నారు, "పది నిమిషాలు ముంగట తెస్తే బతుకుతుండెనట." ఎవరూ నా వైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టినా బాగుండేది. మూలన నిలబడి, కాసేపటికి మెట్లెక్కి పైకి వచ్చేశాను.

గొలుసు అటక మీద పడేశాను. ఏడాదిగా బండికి తాళమే లేదు. అయినా పొద్దున ఆ పిల్లర్ దగ్గర ప్లగ్ తీయడానికి వంగితే నా వెనక ఎవరో కారు స్టార్ట్ చేసుకుని ఎదురుచూస్తున్నట్టే ఉండేది. "తీస్తున్నా అంకుల్," అని పైకే అనేసేదాన్ని. తిరిగి చూస్తే ఖాళీ. కారు కూడా లేదు, ఆంటీ అమ్మేసింది. ఒకరోజు మా ఆయన విన్నాడు. ఆ రోజు నుంచి ప్లగ్ తనే తీసి పెడుతున్నాడు. నాకు భయం వేసేది. దయ్యాలకు కాదు. అంకుల్ ఇక్కడే ఉండి, ఇంకా నా చాబీ కోసం ఆగి ఉన్నారేమోనని.

మొన్న ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఏకంగా స్కూటరే పోయింది. "ఇంక చాలు, తాళం తెచ్చుకో," అన్నాడు మా ఆయన. అలా వచ్చాను ఈ దుకాణానికి.

దుకాణం ఆయన ఓపికగా ఒక్కోటీ చూపించాడు. చక్రం బ్రేకు డిస్కుకు వేసేది ఒకటి. "మీ బండికి చప్పుడుండదు కదండీ, తాళం వేసినట్టు మరిచిపోయి యాక్సిలేటర్ తిప్పారంటే పడిపోతారు," అని దానికి గుర్తుగా హ్యాండిల్‌కు కట్టుకునే ఎర్ర తీగ కూడా చూపించాడు. కదిపితే కుయ్యిమని అరిచేది ఇంకొకటి. మా పార్కింగ్‌లో అది రోజంతా అరుస్తూనే ఉంటుంది. ప్రతిదానికీ నేను అదే అడిగాను: నేను లేనప్పుడు వేరేవాళ్లు ఎట్లా తీయాలి?

"వేరేవాళ్లు తీయకూడదనే కదండీ..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగిపోయాడు. లోపలి నుంచి నంబర్ల గొలుసు తెచ్చాడు. "ఇది నేనైతే చెప్పను. నాలుగంకెలు తెలిస్తే ఎవరైనా తీసేస్తారు."

"ఇదే ఇవ్వండి," అన్నాను.

ఇంటికి వచ్చి నాలుగంకెలు పెట్టుకుని, ఒక కాగితం మీద రాశాను. అది పట్టుకుని కింది ఫ్లోర్ తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. బెల్ కొట్టాక కూడా వెళ్లిపోదామనిపించింది. ఆంటీ తలుపు తీసింది. బాగా చిక్కిపోయింది.

"ఆంటీ, బండికి కొత్త తాళం కొన్నాను. నంబర్ది. నంబరు మీ దగ్గర పెట్టుకోండి. ఎవరికి ఎప్పుడు అవసరమైనా..." ఏడాదిగా మనసులో చదువుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. "ఆ రోజు నా వల్లే ఆంటీ. నేను చాబీ తీసుకుపోకపోతే అంకుల్ ఉండేవారు. నన్ను తిట్టండి, ఏమన్నా అనండి."

ఆంటీ కాగితం తీసుకుంది. చూడకుండానే మడతపెట్టింది.

"తాళం సంగతి నాకెర్కనే," అంది. "కార్లకెళ్లి దిగి నేనే పట్టుకొని గుంజిన ఆ గొలుసును. మస్తు కోపమొచ్చింది నీ మీద. దినాలైనదాంక ఉండె. తర్వాత పోయింది. నువ్వు కావాలని చేసినవా ఏంది?"

నేను ఏడుస్తున్నాను. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

"పదకొండు దినాలు మీ ఆయనతోని అన్నం డబ్బ పంపినవ్. నువ్వు రాలే. మెట్ల మీదికెళ్లి దిగితే నా తలుపు కనవడ్తదని లిఫ్టుల దిగి ర్యాంపు మీదికెళ్లి పోతున్నవ్. కిటికిలకెళ్లి రోజు చూస్తనే ఉన్న. ఆయన పోయినంక గీ ఇంట్ల నేనొక్కదాన్నే. నువ్వొచ్చి జరసేపు కూసుంటవేమో అని ఎన్ని దినాలు చూసిన్నో." మడతపెట్టిన కాగితాన్ని కొంగున ముడివేసింది. "తాళం ఎర్కలేక ఏసినవ్ బిడ్డా. రాకపోవుడు ఎర్కుండే చేసినవ్."

మొదటిదానికి ఏడాదిగా వంద జవాబులు తయారుచేసుకున్నాను. రెండోదాన్ని లెక్కలోనే వేసుకోలేదు. లోపలికి రమ్మని ఆమె అనలేదు. పది నిమిషాల ఆలస్యం గురించి అన్నాళ్లు కుమిలిపోయినదాన్ని, ఏడాది ఆలస్యంగా, చెప్పులు విడిచి ఆ ఇంట్లోకి వెళ్లాను.