గుంట కాడి గొంతు

మైపాడు నుంచి నెల్లూరు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఫోను చెవికి ఆనించుకుని ఒకే మాట మళ్లీ మళ్లీ వింటున్నాడు. "నీళ్లు ముదురు పచ్చగా తిరిగినాయి, ఈ పూట మేత తగ్గించండి." ఆ గొంతు ఆయనదే.

నేను చూస్తున్నానని గమనించి ఆయనే చెప్పాడు. "ఇరవై ఏళ్లు రొయ్యల గుంటల కాడ పనిచేసినా అబ్బయా. నాకు రాయను రాదు. తెలిసిందంతా వాట్సాప్ గ్రూపులో చెప్పు, అందరికీ పనికొస్తాదని కంపెనీవోళ్లు అంటే రోజూ చెప్పినా. అంతా చెప్పినాక నన్ను పన్లోనుంచి తీసేసినారు, గ్రూపులోనుంచి గూడా. కొత్తోళ్లు ఇప్పటికీ నా గొంతు ఇనే మేతేస్తన్నారంట."

ఫోను జేబులో పెట్టుకుని, "నువ్వేం జేస్తావు?" అని అడిగాడు.

"ఆఫీసు పని," అన్నాను. కంపెనీలకు అలాంటి గ్రూపులు పెట్టించి, పనివాళ్ల చేత మాట్లాడించేది నేనేనని చెప్పలేదు.

మరుసటి వారం వెంకటాచలం ఊరి దగ్గర ఒక కంపెనీలో పనివాళ్లను కూర్చోబెట్టి, "మీకు తెలిసిందంతా గ్రూపులో పెట్టండి," అని ఎప్పటిలాగే చెప్పాను. అందరూ ఫోన్లు తీశారు. వెనక వరసలో ఒక ముసలాయన మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఆయన్ని నేను బలవంతపెట్టలేదు. అంతకు మించి ఏమీ చెయ్యలేదు కూడా.